పేరు పెట్టి పిలిచే కాఫీ షాపు

రిటైరయ్యాక కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ఇన్ని కాఫీ షాపులు తిరిగారు కదా, ఏ కంపెనీ కాఫీ బావుంటుందీ అని. వాళ్ళ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఒక పెద్ద కాఫీ షాపుల కంపెనీలో నేను చాలాకాలం తనిఖీ ఉద్యోగం చేశాను. మామూలు మనిషిలా లోపలికి వెళ్ళి, కాఫీ కొనుక్కుని తాగి, బయటికొచ్చి ఆ షాపుకి మార్కులు వేయాలి. నేనెవరో లోపలివాళ్ళకు తెలియకూడదు. నేల శుభ్రంగా ఉందా, కప్పు వేడిగా ఉందా, పలకరించారా, ఇలా సవాలక్ష ప్రశ్నలు ఉండేవి. కాఫీ నీకు నచ్చిందా అన్న ప్రశ్న మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అంచేత ఆ విషయం ఆలోచించే అలవాటే పోయింది.

ఇప్పుడు ఎవరి జీతమూ రావడం లేదు కనుక చెబుతాను. ఒక కంపెనీవాళ్ళు గింజని మాడబెడతారు. ఆ చేదునే నాణ్యత అని జనాన్ని ఒప్పించడం వాళ్ళ ప్రతిభ. ఇంకో కంపెనీలో కాఫీ కంటే సోఫా బావుంటుంది. మరో దాంట్లో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే, కప్పు తాగడానికి కాదు, చేతులు వెచ్చబెట్టుకోవడానికే పనికొస్తుంది. చాలాచోట్ల స్టూళ్ళు మరీ ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కలేరు, ఎక్కితే దిగలేరు. మా కంపెనీ కాఫీ ఎక్కడ తాగినా ఒకేలా ఉండేది. దాని గొప్పా అదే, లోపమూ అదే. నా సొంత రుచి అంటారా, నేను మండపేటలో రైసుమిల్లు గుమాస్తా కొడుకుని. చిక్కటి గేదె పాలు, అప్పుడే దిగిన డికాక్షను, గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలాలి. అలాంటి కాఫీకి మా కంపెనీలో మార్కులు తగ్గుతాయి. అంత వేడి నిబంధనలకు విరుద్ధం.

కాఫీ సంగతి అక్కడితో వదిలేద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక నిబంధన గురించి, అది రాజమండ్రిలో ఎదుర్కొన్న కష్టం గురించి.

మా కంపెనీకి పేరు పిలవడం ప్రాణం. కౌంటరు దగ్గర డబ్బు కట్టేటప్పుడు మీ పేరు అడుగుతారు. కప్పు మీద రాస్తారు. కాఫీ తయారవగానే ఆ పేరు షాపంతా వినబడేలా పిలుస్తారు. మీరు లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. సార్ అనకూడదు, మేడమ్ అనకూడదు, ఒట్టి పేరు. అలా పిలిస్తే కొనేవాడికి స్నేహితుల ఇంటికి వచ్చినట్టు ఉంటుందని కంపెనీ నమ్మకం. బెంగళూరులో ఉంటుందేమో. మా వైపు పెద్దవాళ్ళని ఒట్టి పేరు పెట్టి పిలవడం చెంప మీద కొట్టడానికి ఒక్క మెట్టు తక్కువ. పేరు వెనక గారు ఉండాలి. పేరు తెలియకపోతే వరస కలపాలి. వరస కుదరకపోతే ఏవండీ అనాలి. అదీ కాకపోతే దగ్గరికెళ్ళి కాస్త దగ్గాలి. ఇన్ని దారులుండగా నలుగురిలో పేరు అరవడమేమిటని మా వాళ్ళ ప్రశ్న.

రాజమండ్రిలో షాపు తెరిచిన కొత్తలోనే దెబ్బ తగిలింది. నదీతీరం రోడ్డు మీద షాపు. పొద్దున్నే గట్టు మీద నడకకొచ్చే పెద్దవాళ్ళు నలుగురైదుగురు లోపలికి రావడం మొదలుపెట్టారు. అందులో ఒకాయన రిటైరైన హైస్కూలు హెడ్మాస్టరు. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే నేనూ పేరు పెట్టి పిలిచినవాణ్ణి అవుతాను. మాస్టారు అంటాను. కౌంటరులో ఉన్న కొత్తమ్మాయి శిక్షణలో నేర్పినట్టే గొంతెత్తి మాస్టారి పేరు పిలిచింది. ఆయన కప్పు ముట్టుకోకుండా బయటికి వెళ్ళిపోయారట. ఆయన వెనక ఆయన మిత్రులు, వాళ్ళ వెనక పక్క బల్లల దగ్గరున్న పాత శిష్యులు.

షాపు మేనేజరు ఒక కాకినాడ ఆవిడ. తండ్రి లూథరన్ చర్చి వాళ్ళ బళ్ళో టీచరుగా చేశారు. ముప్పై దాటిన మనిషి. విశాఖపట్నం షాపులో బల్లలు తుడిచే పనిలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి మేనేజరయ్యారు. భర్త ఉద్యోగం, పిల్లవాడి బడి కాకినాడలోనే కాబట్టి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవారు. ఆ సాయంత్రమే ఆవిడ మాస్టారి ఇంటికి వెళ్ళి, తప్పయిపోయింది, మళ్ళీ రండి అని బతిమాలుకున్నారు. మర్నాటినుంచి షాపులో పేర్లు పిలవడం మానేశారు. కప్పు మీద పేరు రాసేవారు, కానీ పిలవకుండా పళ్ళెంలో పెట్టి బల్ల దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చేవారు. మాస్టారు తిరిగొచ్చారు. షాపు కిటకిటలాడింది. కొన్నాళ్ళకు తనిఖీకి నన్ను పంపారు.

గోదావరి జిల్లాల్లో రహస్య తనిఖీ అన్నది కుదిరే పని కాదని నాకు అప్పుడే తెలిసింది. హైదరాబాదులో నా మొహం చూసినవాడు లేడు. ఇక్కడ క్యూలో నిలబడగానే వెనకాయన "ఏ ఊరండి మనది?" అన్నాడు. మండపేట అన్నాను. మండపేటలో ఎవరి తాలూకు అని తర్వాతి ప్రశ్న. కౌంటరు దగ్గరికి చేరేలోగా మా మేనత్త అత్తవారిల్లు, వాళ్ళ వియ్యాలవారు, నేను కాఫీ కంపెనీలో చేసే ఉద్యోగం, అన్నీ బయటపడ్డాయి. నేను జేబులో చెయ్యి పెట్టేసరికి నా కాఫీకి డబ్బు ఆయనే ఇచ్చేశాడు. మా ఊరొచ్చి మీరివ్వడమేంటండి అన్నాడు. నా డబ్బుతో కొన్న కాఫీకి బిల్లు లేకపోతే తనిఖీ చెల్లదు. ఆయన వెళ్ళేదాకా ఆగి, మరో కాఫీ కొనుక్కుని తాగాల్సొచ్చింది.

అన్నీ బావున్నాయి. నేల అద్దంలా ఉంది, పలకరింపు బావుంది. పేరు మాత్రం పిలవలేదు. సున్నా వేశాను. మళ్ళీ వెళ్ళినప్పుడు మేనేజరే స్వయంగా కప్పు తెచ్చి నా బల్ల మీద పెట్టి, తీసుకోండి సార్ అన్నారు. నేనెవరో ఆవిడకు తెలుసని ఆవిడ కళ్ళలో కనబడింది. తెలిసినా నన్ను పేరు పెట్టి పిలవలేదు. మళ్ళీ సున్నా. జాలి పడలేదు. నా కాగితంలో జాలికి గడి లేదు.

పేరు పిలవడంలో వరసగా సున్నాలు, అమ్మకాల్లో మాత్రం పై వరస. ఈ రెండూ ఎలా కలుస్తున్నాయో కంపెనీకి అర్థం కాలేదు. బెంగళూరు నుంచి ఒక అధికారి స్వయంగా బయల్దేరాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, చురుకైనవాడు, చెడ్డవాడేం కాదు. పేరు పిలిచే పద్ధతిని కంపెనీలో మొదలుపెట్టింది ఆయనే అని నాకు తర్వాత తెలిసింది. తెలుగు రాదు. నన్ను వెంట రమ్మన్నాడు గానీ, నా రహస్యం పోకుండా దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. సరేనన్నాను. రహస్యం పోయి చాలా రోజులైందని చెప్పే అవసరం కనబడలేదు.

పొద్దున్నే వెళ్ళాం. మూల బల్ల దగ్గర మాస్టారు, ఆయన మిత్రులు కూర్చున్నారు. అధికారి కాఫీ చెప్పి తన పేరిచ్చాడు. కౌంటరమ్మాయి కప్పు తెచ్చి వినయంగా బల్ల మీద పెట్టింది. ఆయన ఆ కప్పు ముట్టుకోకుండా కౌంటరు దగ్గరికి వెళ్ళి మేనేజరుని అడిగాడు, నా పేరెందుకు పిలవలేదని. ఆవిడ ఇంగ్లీషులో నెమ్మదిగా సంగతంతా చెప్పింది. ఆయన విన్నాడు. విని, అప్పుడే తయారై కౌంటరు మీదున్న ఇంకో కప్పు చూపించి, ఇదెవరిదో వాళ్ళని నా ముందు పిలువు అన్నాడు. అది మాస్టారిది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈ ఊళ్ళో సగం మందికి చదువు చెప్పిన మనిషిని నేను అలా పిలవలేను, క్షమించండి అంది. అధికారి కప్పు ఎత్తి, దానిమీద రాసింది చదువుకుని, తనే గట్టిగా పిలిచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

మాస్టారు లేచారు. డెబ్బయి అయిదు దాటిన మనిషి, నడక బూట్లు, చేతిలో టోపీ. టోపీ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, అధికారి ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఆయ్. పిలిచారాండి?" అన్నారు. "నన్ను పేరు పెట్టి పిలిచేవారు ఇద్దరే ఉండేవారండి. మా నాన్నగారు, మా పెద్ద మేనమామగారు. ఇద్దరూ కాలం చేశారు. ఇన్నేళ్ళకి మళ్ళీ తమరు దొరికారు. పెద్దవారు, ఆశీర్వదించండి."

అని, వంగి ఆ కుర్రాడి పాదాలకు దణ్ణం పెట్టబోయారు. అధికారి ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. చేతిలో కప్పు ఒలికి కాఫీ ఆయన బూట్ల మీద పడింది. మూల బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, షాపు షాపంతా నవ్వు. అధికారి నా వైపు తిరిగి, ఏమంటున్నాడీయన అని అడిగాడు. మిమ్మల్ని పెద్దవారిగా భావించి ఆశీర్వాదం అడుగుతున్నారండీ అని చెప్పాను. అనువాదంలో తప్పేమీ లేదు. నవ్వుని మాత్రం అనువదించలేదు.

గోదావరి వెటకారం గురించి చాలామంది చాలా చెబుతారు. వెటకారం ఎక్కడ ఆగి మర్యాద ఎక్కడ మొదలవుతుందో మాకే తెలియదన్నది నా అభిప్రాయం. మాస్టారు వంగినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. నాన్నగారి మాట చెప్పినప్పుడు గొంతు కొంచెం తడబడింది కూడా. ఆయన్ని అడిగితే ఆయనైనా తేల్చి చెప్పగలరో లేదో.

అధికారి మేనేజరుని వెనక గదిలోకి పిలిచాడు. నన్నూ రమ్మన్నాడు, సాక్షిగా. ఆయన అరవలేదు. అరిస్తే బావుండేది. నలుగురి ముందు పై అధికారి మాట కాదన్నావు, నలుగురి నవ్వుకీ కారణమయ్యావు అన్నాడు. నెల తిరిగేలోగా ఇంకో తనిఖీ ఉంటుంది, ఆ రోజు ఒక్క కప్పు పేరు పిలవకుండా ఇచ్చినా మేనేజరు పదవి తీసేసి హైదరాబాదులో కౌంటరు పనికి పంపుతాం అన్నాడు. కౌంటరు పని అంటే ఆవిడ ఎన్నో ఏళ్ళ కిందట వదిలేసి వచ్చిన మెట్టు. పైగా హైదరాబాదు అంటే కాకినాడలో కాపురం వదిలి వెళ్ళడం. ఆవిడ సరే సార్ అంది. గది బయట కప్పులు కడుగుతున్న కౌంటరమ్మాయి చేతులు ఆగిపోవడం నేను చూశాను.

మాస్టారి దణ్ణం సంగతి ఊళ్ళో వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నారట. నవ్వినవాళ్ళలో ఎవరికీ ఉద్యోగం పోయే భయం లేదు. ఈ ముక్క మాస్టారికి చెప్పింది ఆ కౌంటరమ్మాయే. మీరు చేసిన దానికి మా మేడమ్ బలైపోతున్నారండి తాతగారూ అని మొహాన్నే అడిగేసిందట. మాస్టారు ఆ రోజు కాఫీ తాగి వెళ్ళిపోయారట.

నెలాఖరులో తనిఖీకి మళ్ళీ నన్నే పంపారు. తెలుగు వచ్చిన తనిఖీ మనిషి ఇంకెవరూ లేరు. కాగితం మీద అది రహస్య తనిఖీయే. షాపు మెట్లు ఎక్కుతుంటే వాచ్‌మన్ నాకు నమస్కారం పెట్టాడు.

మూల బల్ల దగ్గర ఎప్పటిలా అందరూ ఉన్నారు. కానీ ఎప్పటిలా మాటల్లేవు. పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను క్యూలో నిలబడి కాఫీ చెప్పాను, పేరిచ్చాను, వెళ్ళి కూర్చున్నాను. కౌంటరమ్మాయి మొదటి కప్పు పెట్టి ఒక పేరు పిలిచింది. గారు లేదు, అండి లేదు. మూల బల్ల నుంచి ఒక బియ్యం వ్యాపారి లేచారు. తెల్ల పంచె, లావుపాటి మనిషి. "ఆయ్" అని పలికి, వెళ్ళి, కప్పు తీసుకుని వచ్చారు. రెండో పేరు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనాయన. "ఆయ్." మూడో ఆయన కోనసీమ రైతు, చేతికర్ర ఉన్న మనిషి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తన చేత్తో తెచ్చుకుని ఎరగని మనిషని చూస్తేనే తెలుస్తుంది. ఆయనా ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కప్పు పట్టుకుని, ఒలక్కుండా బల్ల దాకా నడిచారు. మధ్యలో నా పేరూ పిలిచింది. లేచి వెళ్ళి తెచ్చుకున్నాను.

తర్వాత తెలిసిందేమంటే, మాస్టారు వీళ్ళందర్నీ గట్టు మీద కూర్చోబెట్టి మాట్లాడారట. బళ్ళో హాజరు పిలిస్తే పలికినట్టే అనుకోండి, మనం పలికి చాలా ఏళ్ళయింది, అంతేగా అన్నారట. కోనసీమ రైతు ముందు ససేమిరా అన్నాడట. ఆ మేనేజరమ్మాయి నీ గుమ్మంలోకొచ్చి క్షమించమని అడగలేదురా, నన్ను అడిగింది, అంచేత బాకీ నాది, నువ్వు నాకోసం లేవరా అని మాస్టారు అన్నాక ఒప్పుకున్నాడట. కాకినాడ ఆవిడకి ఈ సంగతేదీ ముందుగా తెలియదు.

ఆఖరి కప్పు మాస్టారిది. కౌంటరమ్మాయి కప్పు మీద పేరు చూసి నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఒకసారి ఆ పేరు పిలిచి షాపు ఖాళీ చేయించిన పిల్ల. మేనేజరు వచ్చి ఆ కప్పు తన చేతిలోకి తీసుకుంది. నా వైపు చూడలేదు. మాస్టారి వైపు చూసింది. ఆవిడ పిలవకపోతే ఏమవుతుందో ఆ షాపులో అందరికీ తెలుసు.

మాస్టారు కుర్చీలోంచి, పద్యం మధ్యలో ఆగిపోయిన పిల్లకి అందించినట్టు, మెల్లగా అన్నారు.

"పిలువమ్మా. పర్లేదు."

ఆవిడ పిలిచింది. గొంతు స్పష్టంగానే ఉంది. మాస్టారు లేచి, "ఆయ్" అని, కౌంటరు దాకా నడిచి, రెండు చేతులతో కప్పు అందుకున్నారు. ఆవిడ కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

తిరిగి వెళ్తూ మాస్టారు నా బల్ల దగ్గర ఆగారు.

"పూర్తయిందా బాబూ? ఇంకెవరైనా లేవాలాండి?"

ఈసారి వెటకారం లేదు. నిజంగానే అడిగారు. పూర్తయిందండీ అన్నాను. తండ్రి వయసు మనుషుల్ని నా కాగితం కోసం ఒకరి తర్వాత ఒకర్ని నిలబెట్టానని అప్పుడు సిగ్గేసింది. నేను ఏమీ చేయలేదు నిజమే, ఊరికే కూర్చుని కాఫీ తాగాను. సిగ్గు అందుకే. పూర్తి మార్కులు వేశాను. వేయడానికి ఆలోచించాల్సిన పని లేదు, నిబంధన ప్రకారం ఒక్క లోపమూ లేదు.

కంపెనీ సంతోషించింది. పెద్ద వయసువాళ్ళు కూడా పేరు పిలిస్తే ఎంత ఉత్సాహంగా లేచి వస్తున్నారో రాజమండ్రి షాపుని చూసి నేర్చుకోండని ఆ అధికారి శిక్షణ తరగతుల్లో చెప్పేవాడు. అలాంటి ఒక తరగతిలో నేనూ కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కొన్ని నెలల తర్వాత మేనేజరు ఫోన్ చేశారు. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి. తనిఖీ అయిపోయింది కదా, ఇంక లేవొద్దండీ అని ఆవిడ మాస్టారికి చెప్పిందట. ఆయన వినలేదట. తనిఖీకి ఎవరెప్పుడొస్తారో మనకి తెలియదు కదమ్మా, అలవాటు తప్పకూడదు అన్నారట. ఆ రోజునుంచి రోజూ పొద్దున్నే ఆ పెద్దవాళ్ళంతా పేరు పిలిస్తే లేవడం, కప్పు తెచ్చుకోవడం. వర్షం పడిన రోజు కూడా మానలేదట. కోనసీమ రైతు ఒకసారి కర్ర జారి పడబోయాడట.

"ఉద్యోగం నిలబడిందండి," అన్నారావిడ. "కానీ రోజూ పొద్దున్నే వాళ్ళని నిలబెట్టి నేను జీతం తీసుకుంటన్నట్టుందండి. నావల్ల కావట్లేదు."

ఆవిడ ఇప్పుడు కాకినాడలో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తున్నారు. జీతం తక్కువట.

రిటైరయ్యాక ఒక పని మీద రాజమండ్రి వెళ్ళాను. కోటిపల్లి బస్టాండు దగ్గర ఒక పాత హోటల్లో కాఫీకి ఆగితే, మాస్టారు కనబడ్డారు. ఒక్కరే ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, పక్క కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆవిడ ఎలా ఉందని అడిగారు. తెలిసింది చెప్పాను. తల ఊపారు. ఆ షాపుకి ఇప్పుడు వెళ్ళడం లేదాండి, అక్కడింకా పేర్లు పిలుస్తున్నారట కదా, పూర్తి మార్కులొస్తున్నాయని విన్నాను అన్నాను. ఆయన కాఫీ ఆఖరి గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు.

"కాఫీ బానే ఉంటదండి అక్కడ," అన్నారు. "పిలిస్తే ఇప్పుడు ఎవరికోసం లేవాలండి?"